ఆ పాప తల తిప్పలేదు

నేను ఒక గిలక్కాయను. పుట్టింది ఏటికొప్పాకలో. తిరుగుతున్న అంకుడు కర్రకు ఉలి ఆనించి నన్ను గుండ్రంగా చెక్కారు. లక్క రంగు పూసి, కడుపులో నాలుగు గింజలు వేశారు. చప్పుడు చేయడం తప్ప నాకు మరో విద్య రాదు.

నన్ను కొన్న సుదక్షిణ గారు విశాఖపట్నంలో పసిపిల్లల మీద పరిశోధన చేస్తారు. మాటలు రానివాళ్లకు లోకం ఎలా కనబడుతుందో, ఎలా వినబడుతుందో తెలుసుకోవడం ఆమె పని. మనుషులందరూ ఒకప్పుడు పసివాళ్లే. ఒక్కరికీ గుర్తులేక మళ్లీ పసివాళ్లనే అడగవలసి వచ్చిందని నాకు నవ్వొచ్చేది.

అడిగే పద్ధతి మాత్రం ముచ్చటగా ఉండేది. మసక గదిలో తల్లి ఒళ్లో బిడ్డ, ఎదురుగా తెర. తెరమీద ఎర్ర బంతి దొర్లుతూ ఒక పలక వెనక్కి వెళ్తుంది. పలక తీస్తే బంతి ఉండదు. వింతగా తోస్తే బిడ్డ చూపు అక్కడే ఆగిపోతుంది. ఎంతసేపు ఆగిందో కెమెరా పట్టుకుంటుంది. తల్లి తెలియక సైగ చేయకుండా ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పాటలు పెట్టేవారు. బిడ్డ దిక్కులు చూస్తే, తెర వెనకనుంచి నన్ను ఆడించేవారు. వెంటనే తల ఇటు తిరిగేది. అదే నా గొప్ప.

ఒకరోజు పైడమ్మ తన కూతురు జోషితను తెచ్చింది. హార్బరులో చేపలు కోసే మనిషి. పాపకు ఎనిమిది నెలలు.

"మా పిల్ల బంగారం మేడమ్. పక్కన పెళ్లి మేళం మోగినా నిద్ర నెగదు," అంది మురిపెంగా.

తెరమీద బంతి దొర్లడం మొదలైంది. పాప మాత్రం గోడమీద నీడలు చూస్తోంది. సుదక్షిణ గారు నన్ను ఆడించారు. తల తిరగలేదు. గట్టిగా ఆడించారు. పాప నీడలే చూస్తోంది. ఆమె మెల్లగా పాప వెనక్కి వచ్చి, కుడి చెవి దగ్గర, ఎడమ చెవి దగ్గర ఆడించారు. కడుపులో గింజలు చిట్లిపోతాయేమో అన్నంతగా మోగాను. పాప రెప్ప కూడా కదల్లేదు.

సుదక్షిణ గారు పైడమ్మ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేశారు.

"పాప మీరు పిలిస్తే పలుకుతుందా?"

"పలుకుతాది మేడమ్. నన్ను సూసిందంటే ఒకటే నవ్వు."

"మీరు కనబడకుండా పిలిస్తే?"

పైడమ్మ లేచింది. పాపను చాపమీద కూర్చోబెట్టి, నన్ను తీసుకుని వెనక నిలబడింది. ఆడించింది. ఆగి, మళ్లీ ఆడించింది. తర్వాత "జోషీ" అని పిలిచింది. పాప తన కాలివేళ్లతో ఆడుకుంటోంది. ఆ తల్లి చేతిలో నాకు వచ్చిన ఒక్క విద్యా వ్యర్థమైంది.

"నాను సరిగ్గా ఆడించలేదేమో మేడమ్. మీరోపాలి ఆడించండి."

సుదక్షిణ గారు ఆడించలేదు. పైడమ్మను కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నారు. "నేను చెవి డాక్టర్ని కాదమ్మా. రేపు పరీక్షకి తీసుకెళ్దాం. నేనూ వస్తాను."

పరీక్షలో రెండు చెవులూ వినబడవని తేలింది. చెవులకు పెట్టిన వినికిడి మిషన్లు పెద్దగా పనిచేయలేదు. ఆపరేషన్ చేస్తే కొంత వినబడవచ్చన్నారు. పేరు రాసుకుని, కబురు చేస్తామన్నారు. నన్ను ఇమ్మని పైడమ్మ అడిగితే, సుదక్షిణ గారు కాదనలేకపోయారు.

అలా జాలరిపేటలో ఒక రేకుల ఇంటికి చేరాను. పాప తండ్రి దానయ్య వేట నుంచి రాగానే నన్ను అందుకునేవాడు. తలుపు చాటునుంచి, మంచం వెనకనుంచి మోగించేవాడు. "ఇటు సూడమ్మా" అనేవాడు. ఎప్పుడైనా పాప తనంతట తాను తల తిప్పితే అతని ముఖం వెలిగేది. చప్పుడు ఆపి చూసేవాడు. ఆ తల తిరిగింది నా చప్పుడుకు కాదని నాకు తెలుసు. చెప్పే నోరు లేదు.

నెలలు గడిచాయి. ఆసుపత్రి నుంచి కబురు రాలేదు. ఒక సాయంత్రం దానయ్య నన్ను తీయబోతే పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గెయ్. దాని ఎదరకొచ్చి కూకో."

అతను కూర్చున్నాడు. పైడమ్మ అరచేతిని చేపలా అటూ ఇటూ ఆడించి, వలలోకి దూకించింది. అతని రెండు చేతులే వల. పాప కళ్లు ఆ చేతిని వదల్లేదు. కాసేపటికి తన చిన్న చెయ్యి ఎత్తి, అలాగే ఆడించింది.

దానయ్య నవ్వబోయి, ఏడ్చాడు. పాప అతని ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.