అమ్మకానికి కాని సీడీ

నేను ఒక పాటల సీడీని. నాతోపాటే, అదే మెషిన్లో, అదే పూట పుట్టిన తోబుట్టువు నాకొకటి ఉంది. దాని అట్ట మీద దర్జాగా ధర అచ్చువేశారు. నా ముఖాన మాత్రం ‘ప్రచార ప్రతి, అమ్మకానికి కాదు’ అని నల్లటి ముద్ర గుద్దారు.

కంపెనీవాళ్లు నన్ను పత్రికలో సంగీత సమీక్షలు రాసే దీక్షితులుగారికి పోస్టులో పంపారు. ఆయన అట్ట మీది వివరాలు చదివి, నన్ను బయటికి తీయకుండానే, ‘గాత్రంలో తేనె జాలువారింది’ అని రాసేశారు. ఏడాది తర్వాత పాత పేపర్లతోపాటు తూకానికి వేసేశారు. అలా విజయవాడ ఏలూరు రోడ్డులోని జిలానీ పాత పుస్తకాలు, సీడీల కొట్టుకు చేరాను.

చూద్దును కదా, అరలో నా పక్కనే నా తోబుట్టువు! పద్మిని అనే కాలేజీ అమ్మాయి వచ్చి మా ఇద్దరినీ చేతిలోకి తీసుకుంది. నా ముద్ర చూసి దొంగ సరుకేమోనని నన్ను కింద పెట్టేసి, దాన్ని కొనుక్కుని వెళ్లిపోయింది. నాకు కడుపు మండిపోయింది. ఒక తల్లి పిల్లలమే కదా, దానికేమైనా కొమ్ములున్నాయా? నన్నూ ఒకరు కోరి కొనుక్కోవాలి, ఇంటికి తీసుకెళ్లి వినాలి. నాకున్న ఆశ అదొక్కటే.

ఆ నెలలోనే కంపెనీ మనిషి కంట పడ్డాను. కాపీరైట్ చట్టం కింద జిలానీ మీద కేసు పెట్టారు. సమీక్షకుడికి వినడానికి ఇచ్చామే గాని సొత్తు మాదేనని, నన్ను విరగ్గొట్టించాలని వాళ్ల వాదన. జిలానీ తరఫు వకీలు హైమావతిగారు కంపెనీ మేనేజరును బోనులో నిలబెట్టి అడిగారు.

“దీక్షితులుగారిని ఎప్పుడైనా తిరిగి ఇమ్మన్నారా?”

“లేదండి.”

“మధ్యలో ఆయన ఇల్లు మారారు. కొత్త అడ్రసు రాసుకున్నారా?”

“లేదండి.”

“అంటే మీ సొత్తు ఎక్కడుందో మీకే తెలీదన్నమాట.”

తిరిగి అడగకుండా పంపింది ఇచ్చేసినట్టేనని, పుచ్చుకున్నవాళ్లు దాన్ని అమ్ముకోవచ్చని, పాటను కాపీ తీసే హక్కు మాత్రం కంపెనీదేనని జడ్జిగారు తేల్చారు. ఆ మాట చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అన్నాళ్లూ నేను కోర్టు బీరువాలో దుమ్ము కొట్టుకుపోతూ, నా తోబుట్టువు పద్మిని ఇంట్లో హాయిగా పాడుకుంటూ ఉంటుందని తలుచుకుని కుళ్లుకున్నాను.

మళ్లీ కొట్టుకు చేరిన రెండో నెలలో పద్మినే వచ్చింది. తన సీడీ మూడో పాట దగ్గర ఆగిపోతోందని, ఇంకొకటి దొరుకుతుందా అని అడిగింది.

“తీసుకోమ్మా, ఇప్పుడు దీనికి ఏ పేచీ లేదు,” అంటూ జిలానీ నన్ను తుడిచి ఇచ్చాడు.

ఈసారి ఆమె ముద్ర వంక చూడనైనా లేదు. ఇక తోబుట్టువు పని అయిపోయిందని లోలోపల గంతులేశాను. ఇంటికెళ్లగానే నన్ను ప్లేయర్లో పెట్టింది. బతుకులో మొదటిసారి గొంతు విప్పాను. మూడో పాట ఎక్కడా తడబడకుండా, గుక్క తిప్పుకోకుండా పాడేశాను. పద్మిని ముఖం చిన్నబోయింది.

“ఇక్కడ ఆగాలి,” అంది భర్తతో మెల్లగా. “ఆగితే మా అమ్మ వంటింట్లోంచి చపాతీ కర్ర పట్టుకొచ్చి ప్లేయర్ మీద ఒక్కటి వేసేది. పోయే ముందు వారం కూడా వేసింది.”

నన్ను తీసి అట్టలో పెట్టేసి, గీతలు పడ్డ దాన్నే మళ్లీ వేసింది. అది మూడో పాటలో సరిగ్గా అక్కడే ఆగింది. ఒంటి మీద ఒక్క గీతైనా లేనందుకు నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే, పద్మిని కర్ర కోసం వంటింట్లోకి వెళ్లింది.