దిగేటప్పటి బరువు

తొర్రూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే వీరేందర్‌కు ఏ వస్తువునైనా విప్పి చూడందే నిద్రపట్టదు. తుల్సీరాం విమానం చేతికొచ్చినప్పుడూ ఆ పాడు బుద్ధే పనిచేసింది.

తండాలో గడ్డి కోసే మిషన్లు బాగుచేసిన తుల్సీరాం, అలాంటి మిషన్ ఇంజన్‌తోనే ఆ రిమోట్ విమానాన్ని తయారుచేశాడు. రెక్కలు చాచితే మంచమంత పొడవు. ఎగరేయడం వీరేందర్‌కు నేర్పిందీ ఆయనే. ఇప్పుడు షుగర్ ముదిరి రెండు కళ్లూ పోయాయి. "తమ్మీ, జర ఒక్కసారి నా ఇమానం లేపు. ఇంకోసారి అడుగ" అని బతిమాలాడు.

ఇద్దరికీ పాత పేచీ ఒకటుంది. పెట్రోల్ విమానం బ్యాటరీదానికన్నా బరువని వీరేందర్, కాదని తుల్సీరాం. "ట్యాంకు నింపినంక ఎందుకు జోకుతవ్‌రా? అది తాగుకుంట తాగుకుంట తేలికయితది. నీ బ్యాటరీ ఎక్కినంత బరువుతోనే దిగుతది" అనేవాడు. ఈసారి ఎలాగైనా గెలవాలని వీరేందర్ మోజు. ఇంజన్ ఊడదీసి, జనగామలో ఒకాయనకిచ్చి, బదులుగా మోటారు, బ్యాటరీ తెచ్చి బిగించాడు. మార్కెట్లో మిర్చి వ్యాపారి కాంటా మీద పెడితే, నిండు ట్యాంకుతో ఐదు కిలోలు దాటిన విమానం నాలుగున్నరకు దిగింది. ఖాళీ ట్యాంకుతో పోల్చినా ఇదే తేలిక. ఎగిరాక చెప్పి అన్నను ఆటపట్టించాలని, ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు.

పొద్దున్నే తండా పక్క బీడులో తుల్సీరాంను కుర్చీలో కూర్చోబెట్టి, విమానాన్ని ఆ కొసన పెట్టి వచ్చాడు. "లేపుతున్న అన్నా!" అన్నాడు. అది జారుకుంటూ పోయి మెత్తగా గాలిలోకి లేచింది. ఇంత సాఫీగా ఎన్నడూ లేవలేదు. బాగా పైకి తీసుకెళ్లి, రెండు చుట్లు తిప్పి, మెచ్చుకుంటాడని ఆయన ముఖంలోకి చూశాడు.

తుల్సీరాం మెడ ముందుకు చాచి కూర్చున్నాడు. "ఎప్పుడు లేపుతవ్‌రా? ఇంజన్ స్టార్టయితలేదా?"

చూపులేని మనిషికి ఆ విమానంలో మిగిలింది మోతొక్కటే. ఆ మోతనే వీరేందర్ ఊడదీసి ఎవరికో ఇచ్చేశాడు. గ్రాములు జోకిన బుర్రకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. తనను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"అన్నా, అదీ..." అనేలోపే, అవతలి పొలం ఒడ్డు మీద ఎవరో గడ్డి కోసే మిషన్ తాడు లాగారు. అది టపటపమని దగ్గి, రయ్యిమంది.

"ఆఁ! లేచింది!" తుల్సీరాం ముఖం అటు తిరిగింది. "ఎట్ల పాడుతున్నదో చూడు!"

ఆయన ముఖం ఎటుంటే అటే ఉండనీ అని, వీరేందర్ విమానాన్ని ఆ ఒడ్డు మీదికి తిప్పాడు. బ్యాటరీ అడుగంటేదాకా అక్కడే తిప్పి, బీడు కొసన దించి, చేతుల్లోకి తీసుకొని వచ్చాడు. ఎక్కినంత బరువే ఉంది.

ఒడ్డు మీద మిషన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఇగ చాలు తమ్మీ" అన్నాడు తుల్సీరాం, ఆకాశం వైపు చెయ్యెత్తి. "పెట్రోల్ అయిపోవస్తుంటది. పైలంగ దించు."