హాల్వర్‌లో తొమ్మిది ఓట్లు

పోలింగ్ ముగిసిన నిమిషానికే టీవీ చెప్పేసింది, నార్త్ డకోటా సెనేటర్‌గా ఆరోసారి కూడా గోర్డన్ లిండ్విగేనని. నేనింకా కోటు బొత్తాలు కూడా విప్పలేదు. వాళ్ల అంచనా ప్రకారం నూటికి డెబ్బై ఓట్లు మావేనట. హోటల్ హాల్లో జనం కేకు మీద పడ్డారు.

గోర్డన్ పక్క గదిలో బూట్లు విప్పుకుని కూర్చున్నాడు.

"అంతేనా ఆర్లిస్?" అన్నాడు.

"ఇంకేం కావాలి నీకు, ఇంకో రాష్ట్రమా?"

అతను నవ్వలేదు. తొలిసారి నిలబడ్డప్పుడు మా ఆఫీసు ఇనప సామాన్ల కొట్టు మీది గది. రెండే ఫోన్లు. ఊరూరి నుంచి అంకెలు చెబుతుంటే గోడ కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నాను. అతని భార్య జాయిస్ అందరికీ బంగాళదుంపల సూపు పోసింది. మంచుకు ఫోన్ తీగలు తెగి మర్నాడు మధ్యాహ్నం దాకా ఫలితం తెలియలేదు. మూడు వందల పన్నెండు ఓట్లతో గట్టెక్కాం. జాయిస్ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె పోయి నాలుగేళ్లు.

"మా ఊరు హాల్వర్‌కి ఫోన్ చెయ్యి, అక్కడి లెక్కింపు అయిపోయుంటుంది," అన్నాడు గోర్డన్.

"ఆ అంకెలు కంప్యూటర్లో ఉంటాయి కదా."

"ఎవరైనా చదివితే వినాలనుంది."

ఫోను స్పీకర్లో పెట్టాను. అక్కడ ఎత్తిన ఎన్నికల గుమాస్తా అమ్మాయి వింతపడుతూనే చదివింది. "సెనేటర్ గారికి నలభై ఒకటి, అవతలాయనకి తొమ్మిది."

"ఆ తొమ్మిదిలో ఒకటి వెర్నన్ స్కార్‌దే," అన్నాడు గోర్డన్ హుషారుగా. "ప్రతిసారీ నాకు వ్యతిరేకంగా వేసి, వేశానని ఉత్తరం రాసి మరీ చెబుతాడు."

"వెర్నన్ గారు ఆగస్టులో పోయారండీ," అంది ఆ అమ్మాయి.

హాల్లో ఉపన్యాసం కోసం చప్పట్లు మొదలయ్యాయి. గోర్డన్ కదల్లేదు. వెర్నన్ భార్యకి తనే ఫోన్ చేశాడు.

"యూనిస్, నేను గోర్డన్‌ని. ఇప్పుడే తెలిసింది."

"టీవీలో చూశాలే. గెలిచావుగా."

"అది కాదు. వెర్నన్ సంగతి."

"నిన్ను తిడుతూ ఆయన మొదలెట్టిన ఉత్తరం సగంలో ఉండిపోయింది. మన ఊరికొచ్చే రోడ్డు గురించి. పంపనా?"

"వద్దు. నేనే వచ్చి చదువుకుంటా."

గురువారం హాల్వర్ వెళ్లాం. కారు నేనే నడిపాను. యూనిస్ కాఫీ ఇచ్చి, డ్రాయరు లోంచి ఉత్తరం తీసింది. గోర్డన్ రెండుసార్లు చదివాడు.

"వాడు రాసింది నిజమే," అన్నాడు నడుం రుద్దుకుంటూ. "అన్నీ గుంతలే."