చాపిన కాళ్లు

పృథ్వీరాజ్‌కి రెండో ఏడు నడుస్తున్నా గోచీ వదల్లేదు. మణి పాత నేతచీరలు చింపి, అంచులు కుట్టి, మెత్తగా మడిచి వాడి మొలతాడుకి ముందూ వెనకా దోపేది. దోపి చెయ్యి తియ్యకముందే తడిపేసేవాడు. ఆ ఏడు ముసురుకి దండెం మీద గుడ్డలు ఆరితే ఒట్టు. కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద పరిచి ఆరబెట్టేది. ఇల్లంతా పొగ వాసన, ఆ పొగలో మళ్లీ ఉచ్చ వాసన.

"మా లోవరాజు నడకొచ్చినప్పుడే గోచీ ఇడిసేసినాడే. నీకు పెంచడం సేతకాకపోతే సెప్పు, గుంటణ్ణి నాను గొలుగొండ అట్టుకుపోతాను," అనేది అత్త అప్పలకొండమ్మ వచ్చినప్పుడల్లా. నవ్వుతూనే అనేది. ఆవిడ బస్సెక్కి వెళ్లిపోయాక కూడా ఆ నవ్వు మణి చెవిలో ఉండిపోయేది. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లి చేశారు తనకి. రానివి చాలా ఉన్నాయని మణికి తెలుసు. కన్నబిడ్డని పెంచుకోవడం కూడా ఆ రానివాటిలో కలిసిపోతుందేమోనని ఆమె భయం.

అందరు తల్లులూ చేసేదే తనూ చేసింది. పెరట్లో నేలమీద కూర్చుని, కాళ్లు బారజాపి, వాణ్ని పిక్కల మీద కూర్చోబెట్టుకుని "స్స్... స్స్..." అనేది. వాడు వెనక్కి విరుచుకుపడి ఏడ్చేవాడు. దింపి గోచీ పెట్టగానే వెచ్చగా పోసేవాడు.

నర్సీపట్నంలో బస్సు కాంప్లెక్సు వెనక వీధిలో, జోగులమ్మగారి పెంకుటింటి వెనక వాటాలో వాళ్లు అద్దెకి దిగి ఎన్నాళ్లో కాలేదు. మొగుడు లోవరాజు కొయ్యూరు వైపు సర్వీసు జీపు తోలేవాడు. కొండదారిలో రోడ్డు కోసుకుపోతే అక్కడే ఆగిపోయేవాడు. ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే.

ఒక మధ్యాహ్నం పాలిస్తూ కునుకు తీసిన మణికి మెలకువ వచ్చేసరికి పక్కలో పిల్లాడు లేడు. పెరటి తలుపు తెరిచి ఉంది. పరిగెత్తింది. పృథ్వి బట్టలుతికే బండ పక్కన, మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి నవ్వుతున్నాడు. మట్టి మీద తడి మరక. గోచీ గుడ్డ బండ మీద ఉంది. పొడిగా ఉంది.

"ఓలమ్మో, నా తండ్రే! నువ్వే ఒచ్చి పోసేసినావా?" అని వాణ్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కుంపటి రాజెయ్యడం మానేసింది. "నేర్పీసినాను పిన్నిగారూ," అని జోగులమ్మగారి దగ్గర కొంచెం గొప్పకి పోయింది కూడా.

కానీ ఒక రోజు ఆ గుడ్డని బండ మీంచి తీస్తూ తీస్తూ ఆగిపోయింది. నాలుగు మడతలు, అంచు లోపలికి. కొసలు చక్కగా కలిశాయి. మణి ఎప్పుడూ అలా మడవదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే సగం ఒళ్లో పోసుకునే పిల్లాడు అలా మడవగలడా?

మర్నాడు నిద్ర నటిస్తూ పడుకుంది. మిట్టమధ్యాహ్నం దాటాక పృథ్వి కళ్లు తెరిచాడు. ఎవరో పిలిస్తే విన్నట్టు తల ఓ పక్కకి వాల్చాడు. తల్లి వైపు చూడనైనా చూడకుండా లేచి వెళ్లాడు. మణి గుమ్మం దాకా వెళ్లి తలుపు చాటున నిలబడింది.

చిన్న తుంపర పడుతోంది. బండ పక్కన మట్టి చుక్కలు చుక్కలుగా నల్లబడుతోంది. అంతా నల్లబడింది కానీ రెండు చారలు మాత్రం పొడిగా, తెల్లగా ఉండిపోయాయి. పక్కపక్కనే, పొడుగ్గా, చివర వెడల్పుగా. మనిషి కాళ్లు చాపుకు కూర్చుంటే ఎంత మేర అవుతుందో అంత.

పృథ్వి ఆ చారల దగ్గరికి వెళ్లాడు. గోచీ మొలతాడులోంచి తనంతటదే ఊడి, నాలుగు మడతలై బండ మీద వాలింది. వాడు అటు తిరిగి కూర్చున్నాడు. వాడి పిర్రలు నేలకి ఆనలేదు. పాదాలు గాలిలో ఊగుతున్నాయి. వెనక ఏ ఆసరా లేకుండానే వీపు వెనక్కి వాల్చాడు. తన ఒడిలో ఏనాడూ వాలనంత నిశ్చింతగా వాలాడు. ఉచ్చ పోసుకున్నాడు.

మణి అరుస్తూ వెళ్లి వాణ్ని లాక్కుంది. వాడు గింజుకుని, ఖాళీ నేల వైపు చేతులు చాచి "అమ్మా! అమ్మా!" అని ఏడ్చాడు.

"నానురా అమ్మని! ఇటు సూడు, నాను!"

వాడు ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూశాడు. తెలిసిన మనిషినే చూస్తున్నట్టు చూసి, "మణీ," అన్నాడు. వాళ్ల నాన్న పిలిచినట్టే.

తడిసిన చీరతోనే జోగులమ్మగారి గుమ్మంలోకి వెళ్లి పడింది మణి. "పిన్నిగారూ, మాకన్నా ముందు ఈ వాటాలో ఎవులుండేవారు?"

"గుమస్తాగారు, ఆరి ఆడమనిసి సౌందర్య. ఏటి, ఏటైనాది?" అని అడిగి, మణి చెప్పిందంతా విని ఆవిడ పెరటి వైపు చూసింది. "ఆళ్ల పిల్లడు జొరమొచ్చి పోయాడమ్మా. మీ వోడి ఈడే. పోయాక కూడా ఆ పిల్ల రోజూ బండకాడ కాళ్లు సాపుకుని కూకునేది, ఒళ్లో ఎవులూ లేకండానే స్స్ స్స్ మంటా. నాకు సూళ్లేక తలుపేసుకునేదాన్ని."

"మరి... ఆయమ్మ సచ్చిపోనాదా?"

"సీ, పాపం! సుబ్బరంగా బతికే ఉంది. మొగుడికి కొయ్యూరు ట్రాన్స్‌ఫరైతే ఎలిపోనారు."

చచ్చిపోయిందంటేనే మణికి కొంచెం ధైర్యంగా ఉండేది. చచ్చినవాళ్లకైతే ఏదో ఒకటి చేసే మనుషులుంటారు. బతికున్న మనిషిని ఏం చేస్తారు?

సాయంత్రం లోవరాజు వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది.

"ఆ గుమస్తాగారి ఆడమనిసా? రోజూ సూస్తానుగదే," అని నవ్వాడు. "జీపు ఆపే కాడే ఆళ్ల క్వార్టరు. మజ్జేన్నం అయితే సాలు, గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూకుంటాది, అత్తారింటికొచ్చిన అల్లుడిలాగ. ఎండైనా సరే, వానైనా సరే, లేచేటప్పటికి పాదాలు మాత్రం తడిసుంటాయి. ఏటో మరి, జీపు తోలేవోడికి రకరకాల మనుసులు కనబడతారు..."

అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. మణి చెవి మాత్రం పాదాలు తడిసుంటాయన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"రేపు నన్నూ అట్టుకెళ్లు మావా. పిల్లణ్ణి కూడా."

"నీకేటి పని అక్కడ?"

"పనుంది."

మర్నాడు తెరిపిచ్చింది. జీపులో జనం మధ్య ఇరుక్కుని, పృథ్విని గట్టిగా పట్టుకుని కూర్చుంది మణి. ఘాటీ ఎక్కుతున్న కొద్దీ వాడికి ఉషారు ఎక్కువైంది. ఎప్పుడో చూసిన దారిలా బయటికి వేలు చూపిస్తూ నవ్వుతున్నాడు.

మధ్యాహ్నానికి కొయ్యూరులో జీపు ఆగితే మణి పిల్లాణ్ణి చంకనేసుకుని దిగింది. క్వార్టరు ముందు చూరు కింద నేల ఎండి పొడిగా ఉంది. లోపలినుంచి ఒకామె వచ్చింది. సన్నగా, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఏ ఇంట్లోనైనా కనబడే మనిషిలాగే ఉంది. జీపు వైపు చూడలేదు. కూర్చుని, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మీదకి తీసుకుని, కాళ్లు చాపింది. కళ్లు మూసుకుంది.

"స్స్... స్స్..."

పృథ్వి చంకలోంచి చేపలా జారిపోయాడు. మణి చెయ్యి వేసేలోపు పరిగెత్తి, అటు తిరిగి, ఆమె పిక్కల మీద కూర్చుని వాలిపోయాడు.

"వచ్చావా నాన్నా," అంది సౌందర్య కళ్లు మూసుకునే. చెయ్యి వాడి తల మీదకి వెళ్లింది. జుట్టు తగిలేసరికి ఆ చెయ్యి ఆగింది. కళ్లు తెరిచింది. వాడి మొహం తన వైపు తిప్పుకుంది. చూసి కెవ్వుమంది.

"వీడెవడు? ఎవరి పిల్లాడు వీడు?"

మణి పోట్లాడదామనుకుని వచ్చింది. తీరా చూస్తే తనకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది.

"మావోడేనమ్మా. నర్సీపట్నంలో మీరున్న వాటాలోనే ఉంటన్నాం. రోజూ మీ కాళ్ల మీదకి వస్తన్నది ఈడే. నన్ను అమ్మా అనడం మానీసినాడు. పేరెట్టి పిలుస్తన్నాడు."

"మావాడు బరువెక్కాడనుకున్నాను," అంది సౌందర్య మెల్లగా. "మొదట్లో పిట్ట వాలినట్టుండేవాడు. ఈమధ్య బరువు తగిలితే, ఎదుగుతున్నాడు కదా అని సంతోషపడ్డాను. మరి మావాడేడీ?"

మణి వంగి ఆమె పాదాలు పట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి.

"నాకీడొక్కడేనమ్మా. నాకేటీ రాదు, ఈణ్ణి పెంచడం కూడా సరిగ్గా రాదు. నా మీద జాలుంటే కాళ్లు ముడుసుకోండమ్మా. ఇంక సాపకండి."

సౌందర్య పిల్లవాణ్ని చూసింది. వాడి మొలతాడు సరిచేసింది. రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తి మణికి అందించింది. కాళ్లు దగ్గరికి లాక్కుంది. మోకాళ్లు ముడిచి, పాదాలు చీరలోకి దాచుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, అవి మళ్లీ వాటంతటవే సాగుతాయేమో అన్నట్టు.

పృథ్వి గుక్కపట్టి ఏడ్చాడు. మణి వాణ్ని గుండెకి అదుముకుని జీపులో కూర్చుంది. ఏడ్చి ఏడ్చి, వెక్కుతూ, వాడు మణి మెడ చుట్టూ చేతులు వేశాడు. ఆమె ఒళ్లో వెచ్చగా తడిసింది. చీరా లంగా తడిసి కాళ్ల మీదకి కారింది.

"అమ్మా," అన్నాడు తప్పు చేసినట్టు.

"పొయ్యరా నా తండ్రే, పొయ్యి. నీ ఇష్టం. పెళ్లయ్యేదాకా పొయ్యి," అంది మణి నవ్వుతూ ఏడుస్తూ. పక్కన కూర్చున్న ముసలాయన గొణుక్కుంటూ పంచె ఎగదీసుకున్నాడు.

లోవరాజు జీపు స్టార్టు చేశాడు. మణి ఒక్కసారి వెనక్కి చూసింది. సౌందర్య అలాగే మోకాళ్లు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె ముందు చూరు కింద ఎండిన నేల మీద, ఎవరూ లేనిచోట, అరచేయంత తడి మరక ఒకటి పుట్టింది. అది చూస్తుండగానే సన్నగా సాగి, ముడిచిన ఆ కాళ్ల వైపు పాకుతోంది.

మణికి కేక వెయ్యాలనిపించింది. కాళ్లు చాపమ్మా, మీవోడొచ్చాడు అని ఒక్క మాట. ఒళ్లో పృథ్వి వెక్కిళ్లు ఇంకా ఆగలేదు. ఇప్పుడిప్పుడే అమ్మా అన్నాడు.

"ఏటే, ఏటి సూస్తన్నావు?" అన్నాడు లోవరాజు.

"ఏటీ నేదు," అంది మణి, పిల్లాడి మొహం పైటతో కప్పి. "బేగి పోనీ మావా."