వార్నిష్ పూసిన రాళ్ళు

పిల్లలు రాళ్ళమేడం అని పిలుచుకునే లెక్చరరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. జియాలజీ ప్రాక్టికల్ పరీక్ష మొదలై ఎంతో సేపు కాలేదు, పిల్లల ముఖాలు అప్పుడే వాడిపోయాయి. ఇది తప్పితే వాళ్ళకు ఏడాది పోతుంది. ముందు బెంచీ పిల్ల తెల్లరాయి మీద యాసిడ్ చుక్క వేసింది. పాలరాయైతే చుక్క పడగానే నురగ పొంగాలి. పొంగలేదు. పిల్ల కాగితం మీద 'క్వార్ట్‌జైట్' అని, యాసిడ్‌కు పొంగని మరో తెల్లరాయి పేరు రాసేసింది.

మేడం ఆ రాయి తీసి చూసింది. నున్నగా జారిపోతోంది. పక్కనున్న షేల్, అంటే బంకమట్టి గట్టిపడ్డ రాతిముక్క మీద నోటి ఆవిరి ఊది వాసన చూసింది. తడి మట్టి వాసన రావాల్సిన చోట వార్నిష్ కంపు కొట్టింది.

ఎవరి నిర్వాకమో అడగక్కర్లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్ స్వయానా ఆమె అక్క మొగుడు. తనిఖీకి పెద్దలొస్తున్నారని సెలవుల్లో రాళ్ళన్నిటికీ వార్నిష్ పూయించి, 'గీతలు పెట్టరాదు' అని బోర్డు తగిలించాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఆయన ముందు బల్ల దగ్గర, బయటినుంచి వచ్చిన పరీక్షకుడి పక్కన కూర్చుని ఉన్నాడు. మేడం తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"బావా, పరీక్ష ఆపండి."

"ఇక్కడ సార్ అను," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఏమైందిప్పుడు? రాళ్ళు అద్దాల్లా ఉన్నాయి కదా."

"అదే మన ఏడుపు. గీసి గట్టిదనం చూడొద్దన్నారు. పోనీ యాసిడైనా తగలనిచ్చారా? పిల్లలు రాయిని చూసి సోది చెప్పాలా?"

"చదివినవాళ్ళకు ఎలాగైనా తెలుస్తుంది."

"అయితే మీరు చెప్పండి." తెల్లరాయి ఆయన ముందు పెట్టింది.

పరీక్షకుడు చూస్తున్నాడు, తప్పేది లేదు. హెడ్ యాసిడ్ చుక్క వేసి, కాసేపు చూసి, "క్వార్ట్‌జైట్" అన్నాడు.

మేడం గోడకున్న సుత్తి తీసి రాయికి ఒక్కటిచ్చింది. లోపల పంచదార పలుకుల్లా గింజలు తళతళలాడాయి. వాటిమీద చుక్క వేస్తే బుసబుసా పొంగింది.

"పాలరాయి," అన్నాడు పరీక్షకుడు. "అన్నిటినీ పగలగొట్టి కొత్త ముఖం తీయండి. పిల్లలు మళ్ళీ రాస్తారు."

ఇక చూడాలి ఆవిడ కొట్టిన కొట్టుడు. అక్క ఇంట్లో భోజనాల దగ్గర ఇన్నేళ్ళూ దిగమింగుకున్న మాటలన్నీ సుత్తిలోకి దిగాయి. ఇసుకరాయి పగిలి వేలికి గరగరమంది. సున్నపురాయిలో గవ్వల తునకలు బయటపడ్డాయి.

చివరికి గార్నెట్ షిస్ట్, ఎర్ర గార్నెట్ గింజలు పొదిగిన పొరలరాయి మిగిలింది. బావ చదువుకునే రోజుల్లో తానే కొండల్లో ఏరి తెచ్చుకున్న రాయి. పెళ్ళయిన కొత్తలో చిన్న మరదలికి రాళ్ళు నేర్పిందీ దాంతోనే.

"అదొక్కటీ వదిలెయ్యవే," అన్నాడు.

"పైముఖం మోసం చేస్తుంది, పగిలిన ముఖమే నిజం చెబుతుందని నాకు నేర్పిందెవరు బావా?" ఆయన తెలియక చేసుంటే ఆవిడకింత కోపం వచ్చేది కాదు. సుత్తి ఆయన చేతిలో పెట్టింది. "మీరే కొట్టండి."

ఆయన మెల్లగా కొట్టాడు. రాయి కదల్లేదు.

"గట్టిగా."

రెండో దెబ్బకు అభ్రకం పొరల వెంట రాయి రెండుగా విడిపోయింది. లోపల గార్నెట్లు ముదురెరుపుగా ఉన్నాయి. ఆయన తలెత్తలేదు.

మేడానికి జాలి వేసింది గాని కోపం తగ్గలేదు. ఒక ముక్క తీసుకెళ్ళి ముందు బెంచీ పిల్ల దగ్గర పెట్టి, గోడమీది బోర్డు పీకి బల్లకింద పడేసింది.

"మళ్ళీ మొదలుపెట్టు తల్లీ. ఈసారి గీసి చూడు."