పన్నెండు చుక్కల అత్తరు సీసా

సోమవారం అంతమ్మ చేయవలసిన పనులు అయిదు. కుసుమ నూనెను నూలుగుడ్డలో వడగట్టాలి. శనగపిండి జల్లించాలి. స్వామిదాసు బిడ్డ ప్రేమమ్మ ముఖానికి ఆరోరోజు నూనె రాయాలి. చేవెళ్ల గానుగకు పోయి కొత్త నూనె తేవాలి. తిరిగి వచ్చి ఇల్లు అలకాలి.

మొదటి రెండు పనులు కోడి కూసేలోపే అయిపోయాయి. వడగట్టాక చూస్తే గిన్నె అడుగున నూనె ఆ పూటకు మాత్రమే ఉంది. ప్రేమమ్మ పెళ్లి గురువారం.

అంతమ్మకు యాభై దాటాయి. మొయినాబాద్‌కు, చేవెళ్లకు మధ్యనున్న ఆ ఊళ్లో కూలికి పోతుంది. పెళ్లి కుదిరిన ఇళ్లవాళ్లు పెళ్లికూతురి ముఖానికి నూనె రాయడానికి ఆమెనే పిలుస్తారు. బాలింతలు పసిపిల్లలకు పిలుస్తారు. ఎవరైనా చనిపోతే, సమాధికి తీసుకుపోయే ముందు ముఖం తుడిచి నూనె అద్దడానికీ ఆమెనే పిలుస్తారు. అంతమ్మ ముఖం మాత్రం చిన్నప్పుడు వచ్చిన స్ఫోటకంతో గుంతలు పడింది. ఆ జబ్బులో వాళ్ల అమ్మ కోడి ఈకతో నూనె అద్దేది. తర్వాత ఆ ముఖాన్ని ఎవరూ ముట్టలేదు. పెళ్లయిన రెండేళ్లకే భర్త బాలప్ప పోయాడు. బతికున్న రోజుల్లోనూ అతను ఆమె ముఖం కేసి చూసి మాట్లాడేవాడు కాదు.

ప్రేమమ్మ అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చుంది. చేలో కలుపు తీసీ తీసీ ఆమె బుగ్గలు మాడి, పొట్టు లేచి ఉన్నాయి. చూపులకు వచ్చినప్పుడు పెళ్లికొడుకు అక్క అరుణమ్మ ఆ బుగ్గ మీద వేలు పెట్టి, "గిదేంది, గోడ సున్నం లేసినట్టు లేస్తున్నది?" అని నవ్వింది. ఆ మాట ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. పెళ్లికి వచ్చి మళ్లీ అదే మాట అంటుందేమోనని ప్రేమమ్మకు నిద్ర లేదు.

అంతమ్మ గోరువెచ్చని నీళ్లతో ఆ ముఖం కడిగి, మెత్తటి గుడ్డతో అద్దింది. మూడు చుక్కల నూనె అరచేతిలో వేసుకుంది. రెండు చేతులూ వేడెక్కేదాకా రుద్ది, గడ్డం నుంచి మెల్లగా పైకి అదిమింది. కళ్ల కింద ఉంగరం వేలితో తాకీ తాకనట్టు రాసింది.

"జర ఎక్కువ వోయరాదు అక్కా, మా పిల్ల బుగ్గలు ఎండిన చెరువులెక్క ఉన్నయి," అంది తల్లి పద్మమ్మ.

"ఎక్కువ వోస్తె తలగడ తాగుతది. మూడు చుక్కలు చాలు."

"మరి నీ ముఖానికి ఎన్నడన్న రాసుకున్నవా అవ్వా?" ప్రేమమ్మ కళ్లు మూసుకొనే అడిగింది.

"నా ముఖానికా? గుంతలన్నీ నిండాలంటె గానుగే కొనాలె బిడ్డా."

ముగ్గురూ నవ్వారు.

అప్పుడే స్వామిదాసు వచ్చాడు. "బస్సులు బంద్. పట్నంల పిల్లల మీద మళ్ల లాఠీలు లేసినయట. తెలంగాణ ఇచ్చేదాక బస్సు చక్రం కదలదంటున్నరు. గండిపేట నుంచి పెండ్లికొడుకోళ్లు బండ్లు కట్టుకొని వస్తమని కబురు పంపిండ్రు. పెండ్లి ఆగదు."

"పెండ్లి ఆగదు, నూనె అయిపోయింది," అంది అంతమ్మ. చెంగు తలమీద కప్పుకొని లేచింది.

"ఈ ఎండల నడుస్తవా అక్కా?"

"రెండు కోసులే గద."

అరవై తొమ్మిదో సంవత్సరం మే నెల అది. రోడ్డు మీద టైర్లు కాలిన మచ్చలు తప్ప ఏమీ లేవు. చేవెళ్ల చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పాండురంగం గానుగ తలుపు మూసి ఉంది. పక్క సందులోంచి పిలిస్తే ఆయన తల మాత్రం బయటపెట్టాడు.

"బంద్ అంతమ్మా. తెరిస్తె పోరగాళ్లు రాళ్లేస్తరు. ఎద్దును సుత మా బామ్మర్ది ఊరికి తోలిన."

"పెండ్లిపిల్లకు సేటూ. పావుసేరు."

"కుసుమ బొట్టు లేదు. పల్లినూనె ఉన్నది, ఇయ్యాల్నా?"

"ఎండకు మాడిన ముఖానికి అది బరువైతది." ఆమె నిరుత్సాహంగా వెనుదిరిగింది.

"నీళ్లన్న తాగి పో!" అని ఆయన అరిచాడు. ఆమె అప్పటికే మలుపు తిరిగింది.

ఇల్లు చేరేసరికి చెమట ఆగిపోయింది. ఒళ్లు పొడిగా కాలుతోంది. కుండలో నీళ్లు తాగితే నిలవలేదు. కాసేపు గోడకు ఒరిగి కూర్చుని, తర్వాత రేకుపెట్టె తెరిచింది. అందులో బాలప్ప కొన్న ఒకే ఒక వస్తువు, బొటనవేలంత అత్తరు సీసా ఉంది. అత్తరు ఎప్పుడో అయిపోయింది. ఏటా గానుగలో మొదట దిగిన కుసుమ నూనెను ఆమె అందులో నింపి పెట్టుకుంటుంది. పట్టేది పన్నెండు చుక్కలు. తను పోయిననాడు ఎవరో ఒకరు ఆ నూనె తన ముఖానికి రాయాలని ఆమె కోరిక. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరు రాయాలో మాత్రం ఆమె ఎవరినీ అడగలేదు.

సాయంత్రం ఆ సీసా తీసుకొని ప్రేమమ్మ దగ్గరికి పోయింది.

"ఇది నీ సీసా గద అవ్వా!"

"సీసా నాదే. నూనె ఎవలి ముఖానికైన ఒకటే. పన్నెండు చుక్కలు. పొద్దటిది ఆరిపోయింది, ఇప్పుడు మూడు, రేపు మూడు, ఎల్లుండి మూడు, పెండ్లినాడు మూడు. నాకు జర తల తిరుగుతున్నది. నువ్వే రాసుకో, నేను చూస్త."

ప్రేమమ్మ రాసుకుంది. గట్టిగా రుద్దబోతే, "రుద్దకు, అదుము. పసిపిల్ల ముఖమనుకో," అని అంతమ్మ రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

"నీకు మళ్ల ఎట్ల అవ్వా?"

"నాకేం తొందర? వచ్చే ఏడు మళ్ల గానుగ తిరుగదా?"

మంగళవారం ఉదయం పద్మమ్మ అంబలి తీసుకొని పోయేసరికి అంతమ్మ చాప మీద పక్కకు తిరిగి పడుకొని ఉంది. లేవలేదు. ఇల్లు అలకలేదు. అలకడానికి కలిపిన పేడనీళ్లు గిన్నెలోనే ఎండిపోయాయి. దవాఖానకు పోదామన్నా బండి లేదు, అవసరమూ లేదు. వడదెబ్బ అన్నారు.

ముఖం తుడవడానికి ఎవరిని పిలవాలో ఊరికి తోచలేదు. ఇన్నేళ్లూ పిలిచింది ఆమెనే.

ప్రేమమ్మ సీసా పట్టుకొని వచ్చింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. "తొమ్మిది చుక్కలే ఉన్నయే. పెండ్లిపిల్లవు, శవాన్ని ముడుతవా? ఇయ్యాల నీకెట్ల?"

"ఇయ్యాలటి మూడు అవ్వకే."

ప్రేమమ్మ గోరువెచ్చని నీళ్లతో ఆ ముఖం కడిగింది. మూడు చుక్కలు అరచేతిలో వేసుకొని, చేతులు వేడెక్కేదాకా రుద్ది, గడ్డం నుంచి పైకి అదిమింది. ఒక్కొక్క గుంత దగ్గర వేలు ఆపింది. తొందరపడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చర్చి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టడానికి ఆమె చేతులు ఆగేదాకా నిలబడ్డారు.

గురువారం పెళ్లి జరిగింది. చర్చి మెట్ల దగ్గర అరుణమ్మ పెళ్లికూతురి గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగైనవ్. ఎడమ బుగ్గ మీద జర పొట్టు మిగిలింది. ఏమైంది?"

"ఒక్కరోజు నూనె రాసుకోలేదు వదినా," అంది ప్రేమమ్మ. అంతకంటే చెప్పలేదు, తల కూడా వంచలేదు.

అంతమ్మ సమాధి మీద రాయి లేదు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ ఏడు ఉద్యమంలో పోయినవాళ్లను లెక్కపెట్టినవాళ్లు కూడా ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. ఇది చదివినవాళ్లు ఎప్పుడైనా ముఖానికి నూనె రాసుకోవడానికి చేతులు వేడిచేసుకుంటే, ఆ ఒక్క క్షణం అంతమ్మను తలచుకోండి. గండిపేటలో ప్రేమమ్మ అత్తవారింటి గూట్లో, అద్దం పక్కన, బొటనవేలంత అత్తరు సీసా ఉంది. ఏటా గానుగ తిరిగాక అందులో పన్నెండు చుక్కలు పడతాయి.