తేదీ లేని సంతకం

నగల దుకాణం గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే గార్డుకు పదకొండేళ్లుగా ఒకటే పని, ఏమీ జరక్కుండా చూడటం. ఆ పని ఎంత బాగా చేశాడంటే, ఈ పదకొండేళ్లలో ఆ తుపాకీ ఒక మనిషి మీదికి ఒక్కసారే లేచింది. అదీ దుకాణంలో కాదు, ఇంట్లో. కట్టుకున్న భార్య మీద.

ఎలా జరిగిందంటే, పక్క వాటాలో పట్టపగలు దొంగలు పడ్డారు. అప్పటినుంచి మనవాడి కంటికి కునుకు లేదు. తుపాకీ అతని సొంతం, లైసెన్సూ అతని పేరు మీదే. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయాలని, తూటాలు వేరేచోట దాచాలని లైసెన్సు వెనక అచ్చువేసి ఉంది. ఆత్మరక్షణకు అందుబాటులో ఉంచుకోవచ్చని ఆ కిందే ఇంకో వాక్యం. తాళం వేసింది అందుబాటులో ఎలా ఉంటుందని లైసెన్సుల గుమాస్తాను అడిగితే, "రెండూ రూలేనండీ. మీ వీలునుబట్టి చూసుకోండి" అన్నాడు ఆ మహానుభావుడు. ఇతను వీలు చూసుకున్నాడు. తుపాకీ తూటాలతో సహా మంచం పక్కకు వచ్చి చేరింది.

ఒక మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి ఉండగా తలుపు చప్పుడైంది. దిగ్గున లేచి తుపాకీ ఎత్తాడు. ఎదురుగా ఆవిడ, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో కూరగాయల సంచి. తలనొప్పిగా ఉందని పనినుంచి ముందే వచ్చేసింది. ఆవిడ కేక పెట్టలేదు. అతను తుపాకీ దించి, "నువ్వని గుర్తుపట్టలేదు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. ఏడు నెలలైంది.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఒక మాటకు పది మాటలు చెప్పేది. ఈ మనిషి నోరు ఎప్పుడు మూస్తుందిరా దేవుడా అని విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ నోటికోసమే ప్రాణం కొట్టుకుపోతోంది. అలవాటుకొద్దీ టీ రెండు గ్లాసుల్లో పోస్తాడు. తన గ్లాసు అయ్యాక ఆవిడ గ్లాసు ముందు కాసేపు కూర్చుంటాడు. చల్లారిపోయాక అదీ తనే తాగుతాడు.

ఇంతలో లైసెన్సు గడువు దగ్గరపడింది. కొత్త దరఖాస్తు చివర ఒక గడి ఉంది. ఒకే కప్పు కింద కాపురముంటున్న భార్య గాని భర్త గాని అక్కడ సంతకం చేసి తేదీ వేయాలి.

"ఆవిడ వేరే ఉంటోందని రాసి పారేయండి. సంతకమే అక్కర్లేదు, ఐదు నిమిషాల పని" అన్నాడు గుమాస్తా.

ఆ ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే నిజమైపోతుందని భయం.

తొమ్మిదో ప్రశ్న ఇంకో తంటా. ఈ ఆయుధాన్ని ఎప్పుడైనా ఎవరిమీదైనా గురిపెట్టారా అని. గుమాస్తా గొంతు తగ్గించాడు. "చొరబడ్డవాడి మీద పెట్టొచ్చు. ఇంట్లోవాళ్ల మీద కూడదు. చొరబడ్డవాడనుకుని ఇంట్లోవాళ్ల మీద పెడితే ఏమంటారో ఎక్కడా రాసిలేదు. గుర్తుపట్టలేదంటున్నారుగా, లేదు అని రాయండి."

లేదు అని రాశాడు. రాసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆవిడ పనిచేసే కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాడు.

ఆవిడ కొంచెం చిక్కింది. అతన్ని చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. స్టూలు చూపించి, కాగితం తీసుకుని మొదటి అక్షరంనుంచి చదివింది.

"తొమ్మిదోదానికి లేదని రాశారు."

"గుమాస్తా అలా రాయమన్నాడు."

"గుమాస్తా మీద పెట్టారా ఏంటి తుపాకీ?"

అతను తల వంచుకున్నాడు. "గుర్తుపట్టలేదు కదా, అందుకని."

ఆవిడ ఒక కళ్లజోడు అద్దం తీసి గుడ్డతో తుడుస్తూ, గోడమీది అక్షరాల పట్టీ వైపు చూసింది. "మీ కళ్లు ఇక్కడే, నేనే పరీక్ష చేశాను. అట్టడుగు వరుస కూడా గడగడా చదివారు. ఆరోజు కిటికీ వెలుతురంతా నా మొహమ్మీదే ఉందండీ. నన్ను చూశాక కూడా మీ చెయ్యి దిగలేదు. నేను మూడు దాకా లెక్కపెట్టాను."

ఏడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట, తనకు తాను కూడా సరిగా చెప్పుకోని మాట, అప్పుడు బయటికొచ్చింది.

"గుర్తుపట్టాను. సంచి కూడా చూశాను. చెయ్యి ఎందుకు దిగలేదో నాకూ తెలీదు. చెప్తే వెళ్లిపోతావని చెప్పలేదు."

"చెప్పలేదనే వెళ్లాను."

అతను పెన్ను తీసి, లేదు అన్నదాన్ని కొట్టేసి, పక్కన రాశాడు. అవును. నా భార్య మీద. గుర్తుపట్టిన తర్వాత కూడా.

"లైసెన్సు పోతుంది" అంది ఆవిడ.

"పోనీ."

"మరి ఉద్యోగం?"

"వచ్చినవాళ్ల గొడుగులు తీసి లోపల పెట్టే మనిషి కావాలంటున్నాడు మా యజమాని. అడుగుతాను."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ పెదాల దగ్గరే ఆపేసింది. పెన్ను అందుకుని చివరి గడిలో సంతకం చేసింది. తేదీ వేయకుండానే కాగితం అతని ముందుకు జరిపింది.

"తేదీ?"

"ఇంటికొచ్చిన రోజు వేస్తాను. మీరు మాత్రం తొందరపెట్టకండి."

గుమాస్తా తొమ్మిదో జవాబు చదివి తల పట్టుకున్నాడు. "ఇది లోపలికి వెళ్తే కేసవుతుందో కాదో నాకే తెలీదు. తేదీ లేదు కాబట్టి నేను చూడనట్టే. తుపాకీ, తూటాలు అప్పగించేసి వెళ్లండి" అని కాగితం తిరిగిచ్చేశాడు. తుపాకీ అప్పగిస్తే చెయ్యి తేలికవుతుందనుకున్నాడు గానీ, ఆ ఖాళీ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండురోజులు జేబులోనే ఉంచుకు తిరిగాడు.

ఇప్పుడతను గొడుగులు అందుకుంటున్నాడు. ఒకప్పుడు తుపాకీ దాచిన పెట్టెలో ఇప్పుడు ఆ కాగితం ఉంది. పెట్టెకు తాళం లేదు, మూతమీద ఒక పెన్ను ఉంది. టీ ఇంకా రెండు గ్లాసుల్లోనే పోస్తున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, ఉత్త చేతులతో లేచి వెళ్తాడు. నిన్న పక్క వాటావాళ్లు. ఇవాళ పాలవాడు.